ఒడ్డు మిగలని నది

2024 ఆగస్టు చివరి వారంలో విశ్వామిత్రి నది పొంగి గుజరాత్‌లోని వడోదర నగరాన్ని ముంచెత్తినప్పుడు, అటవీ సిబ్బంది, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి మూడు రోజుల్లో దాదాపు రెండు డజన్ల మొసళ్లను జనావాసాల నుంచి పట్టి తెచ్చారు. వాటిలో అతి చిన్నది రెండడుగులు. నది ఒడ్డునున్న కామ్‌నాథ్ నగర్‌లో దొరికిన అతి పెద్దది 14 అడుగులు. ఎంఎస్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర విభాగం సమీపాన మరో 11 అడుగుల మొసలి చిక్కింది. పాఠ్యాంశమే నడిచి వచ్చిందని అక్కడి విద్యార్థులు అనుకుని ఉండవచ్చు.

ఇద్దరు యువకులు ఒక మొసలిని స్కూటర్ మీద అడ్డంగా పెట్టుకుని అటవీ శాఖ కార్యాలయానికి తీసుకెళ్లిన వీడియోను దేశమంతా చూసి నవ్వుకుంది. వారి తెగువ మెచ్చదగినదే. అయితే సుమారు 440 మొసళ్లున్నాయని అధికారులే చెప్పిన నది నడిబొడ్డున పారే నగరంలో, వాటి తరలింపు ఇంతగా కార్యకర్తల చొరవ మీద నడవడం నవ్వి వదిలేయదగిన సంగతి కాదు. మొసలిని పట్టే పద్ధతి వారికి కొట్టిన పిండి: తాడు ఉచ్చు బిగించి, కళ్ల మీద తడి గోనెసంచి కప్పి, దవడలను కట్టేస్తారు. నోరు మూయడంలో ఉన్న బలం తెరవడంలో ఉండదు కాబట్టి ఆ కట్టు నిలుస్తుంది. వరద తీశాక వాటిని మళ్లీ నీటిలోకే వదులుతారు.

చిక్కంతా అక్కడే ఉంది. పావగఢ్ కొండల్లో పుట్టిన విశ్వామిత్రి వడోదర చేరేసరికి మురుగుకూ, కట్టడాల శిథిలాలకూ, ఆక్రమణలకూ నెలవైంది. ఈ మంచినీటి మొసళ్లు మట్టి గట్లలో బొరియలు తవ్వుకుంటాయి, వేసవి ముంగిట అక్కడే గుడ్లు పెడతాయి, తొలకరికి పిల్లలు బయటికొస్తాయి. గట్టు పోతే వాటికి మిగిలేది పెరడూ, కాలువే. నది హద్దులు గుర్తించి, ఆక్రమణలు తొలగించి, దానిని పునరుద్ధరించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2021లోనే ఆదేశించింది. మూడేళ్లకు వరద వచ్చింది. ఆ తర్వాతే, 2025లో, పూడికతీత, వెడల్పు పనులు వేగం అందుకున్నాయి.

ఆ పనులు అవసరమే. ఒడ్డున కాపురముండే పేద కుటుంబాలకు వరద ముప్పు తగ్గాలి, రాత్రిపూట పిల్లలను బయటికి పంపే ధైర్యం కలగాలి. కానీ వానలకు ముందే ముగించాలన్న తొందరలో యంత్రాలు దిగేది సరిగ్గా మొసళ్లు గుడ్లు పెట్టే నెలల్లోనే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అత్యధిక రక్షణ కల్పించే మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి గూళ్లను మట్టితోపాటు ఎత్తిపోస్తే అభివృద్ధి పేరు చెప్పి తప్పించుకోలేం.

అదే వరదల సీజనులో, కొద్ది రోజుల తేడాతో, విజయవాడలో బుడమేరు గండ్లు పడి కాలనీలను ముంచింది. అక్కడ హెచ్చరికలా ఒడ్డెక్కి వచ్చే మొసళ్లు లేవు గనుక ఏరు ఇరుకైన సంగతిని జనం నడుములోతు నీళ్లలో నిలబడి తెలుసుకోవలసి వచ్చింది.

వడోదరలో ప్రతి పని ఒప్పందంలోనూ గుడ్ల గూళ్లను ముందే గుర్తించాలనీ, కాంక్రీటు వేయని మట్టి గట్లు నిర్ణీత పొడవున మిగల్చాలనీ షరతు పెట్టాలి. మాంసం దుకాణాల వ్యర్థాలను నదిలో పోయకుండా నగరపాలక సంస్థ అడ్డుకోవాలి; సులువుగా దొరికే ఆ తిండే మొసలికి మనిషి అలికిడిని అలవాటు చేస్తుంది. స్కూటర్ బదులు సరైన వాహనంతో, జీతమిచ్చే సిబ్బందితో రాత్రింబవళ్లు పనిచేసే దళాన్ని వచ్చే వానలకు ముందే గుజరాత్ ప్రభుత్వం ఏర్పాటు చేయాలి.