సిగ్నల్ దగ్గర రెండు సెకన్లు మిగిల్చే పది రహస్యాలట!

"ముప్పై ఏళ్ళ అనుభవమున్న డ్రైవర్ చెప్పిన పది సిగ్నల్ రహస్యాలు" అనే మెసేజ్ మళ్ళీ వచ్చింది. ఫ్రెండ్స్ గ్రూపులో వచ్చింది, ఆఫీసు గ్రూపులో వచ్చింది, చుట్టాల గ్రూపులో పెద్దవాళ్ళ చేతుల మీదుగా దండంపెట్టే బొమ్మతో సహా వచ్చింది. కింద "చదివి వదిలేయకండి, పది మందికీ పంపండి" అని ఉంది. మనవాళ్ళు మొదటి సగం వదిలేసి రెండో సగం మాత్రం తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. "మంచి విషయాలే కదా, నీకెందుకంత మంట?" అని అడిగారొకరు. అందులో కొన్ని ఉత్త కాలక్షేపం, కొన్ని బండిని పాడుచేసేవి, ఒకటి మాత్రం మనుషుల ప్రాణం తీసేది. మంట అందుకు.

మొదటి రహస్యం: "ముందు బండికి ఎంత దగ్గరగా ఆపితే ఒక గ్రీన్‌లో అన్ని ఎక్కువ బండ్లు దాటుతాయి."

వినడానికి లెక్క సరిగ్గానే ఉంది. జాగా తగ్గితే ఎక్కువ బండ్లు పడతాయి, నిజమే. కానీ ఆనించి ఆపిన బండి, ముందుది కాస్త దూరం జరిగితే తప్ప కదలలేదు. దగ్గరగా ఆగి మిగుల్చుకున్నదంతా ఆ ఎదురుచూపులోనే పోతుంది. అమెరికాలో వర్జీనియా టెక్ పరిశోధకులు దీన్ని నిజం కార్లతోనే పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. సిగ్నల్ దగ్గర కార్లను వరసగా నిలబెట్టి, మధ్య ఎడాన్ని అర మీటరు లోపు నుంచి 15 మీటర్ల దాకా మారుస్తూ పైనుంచి డ్రోన్‌తో వీడియో తీశారు. ఎడం సుమారు ఏడున్నర మీటర్లకు పెంచినా, వరస కూడలి దాటడానికి పట్టే సమయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే ఆనించి ఆపినందుకు దక్కేది సున్నా. పోయేది మాత్రం చాలా ఉంది. ముందు బండి మొరాయిస్తే పక్కకు తిప్పుకునే వీలుండదు. ఎత్తు మీద అది ఒక అడుగు వెనక్కి జారితే నేరుగా మీ బానెట్ మీదికే. వెనకనుంచి ఎవరైనా గుద్దితే మీరు వెళ్ళి ముందువాణ్ణి గుద్దుతారు. అంబులెన్స్ వస్తే జరగడానికి చోటుండదు. ముందు బండి వెనక టైర్లు రోడ్డుకు ఆనే చోటు మీ సీట్లోంచి కనబడుతోందా? అయితే సరిపడా ఎడం ఉన్నట్టే.

రెండోది, రాత్రిపూట సిగ్నల్ దగ్గర హెడ్‌లైట్లు పూర్తిగా ఆపేస్తే బ్యాటరీ ఆదా అట. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ కరెంటు ఇచ్చేది బ్యాటరీ కాదు, ఇంజిన్‌తో పాటే తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్. దీని మీద ఇంతకన్నా రాయను.

మూడోది: "గేర్ వేసి, క్లచ్ సగం తొక్కి రెడీగా ఉండండి." ఎదురుచూస్తున్నంతసేపూ హాఫ్ క్లచ్‌లో ఉంటే ప్లేటు రాసుకుని అరుగుతుంది. పూర్తిగా తొక్కి పట్టుకుంటే, క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ మీద భారం. అదైనా డబ్బుతో పోతుంది. గేర్‌లో ఉండగా కాలు జారితే, లేదా వెనకనుంచి చిన్న దెబ్బ తగిలి కాలు కదిలితే, బండి ఎగిరి ముందుకు దూకుతుంది. ఆ ముందున్నది జీబ్రా క్రాసింగ్. న్యూట్రల్ చేసి కూర్చోండి. గేర్ వేయడానికి పట్టేది ఒక్క క్షణం.

నాలుగోది దీనికి తోబుట్టువు: "దూరంనుంచి రెడ్ కనబడగానే న్యూట్రల్‌లో వేసి జారుకుంటూ వెళ్ళండి, పెట్రోల్ ఆదా." కార్బురేటర్ల కాలంలో ఇందులో కొంత నిజముండేది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో వ్యవహారం తిరగబడింది. గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి కాబట్టి, వేగం బాగా తగ్గేదాకా ఇంధనం సరఫరానే ఆగిపోతుంది. న్యూట్రల్ చేశారా, ఇంజిన్ తనను తాను తిప్పుకోవడానికి మళ్ళీ పెట్రోల్ తాగాలి. ఆదా అనుకుని చేసేది ఖర్చు. పైగా ఇంజిన్ బండిని లాగిపట్టి వేగం తగ్గించే ఇంజిన్ బ్రేకింగ్ కూడా వదులుకోవడం.

ఐదోది: "సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపకండి. ఒక్కసారి స్టార్ట్ చేస్తే పది నిమిషాల ఐడ్లింగ్‌కి అయ్యేంత పెట్రోల్ ఖర్చు." మామూలు కారు ఊరికే తిరుగుతూ ఉంటే గంటకు సుమారు అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. పది నిమిషాలకు తక్కువలో తక్కువ ఎనభై మిల్లీలీటర్లు. అదంతా ఒక్క స్టార్టింగ్‌లో, ఒకటి రెండు సెకన్లలో ఇంజిన్‌లోకి పోతే బండి స్టార్ట్ కాదు, సైలెన్సర్‌లోంచి పెట్రోల్ కారుతుంది! వేడిగా ఉన్న ఇంజిన్ విషయంలో అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్క పది సెకన్లు. అంతకన్నా ఎక్కువసేపు ఆగేటట్టయితే ఆపి మళ్ళీ స్టార్ట్ చేయడమే చవక. స్టార్టర్, బ్యాటరీ అరుగుతాయన్న భయం పూర్తిగా తప్పు కాదు. అందుకే ఆగినప్పుడు ఇంజిన్ దానంతటదే ఆగి, కదలబోతే మళ్ళీ స్టార్ట్ అయ్యే ఆటో స్టాప్-స్టార్ట్ ఉన్న బండ్లలో అవి రెండూ గట్టివి పెడతారు. అది లేని బండైతే, పెద్ద సిగ్నల్ దగ్గర ఆపండి, చిన్నదైతే వదిలేయండి. ఇందులో రహస్యమేమీ లేదు.

ఆరోది, "ఎల్లో పడితే స్పీడు పెంచండి, బ్రేక్ వేస్తే వెనకవాడు గుద్దుతాడు." 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కరెంటు సిగ్నల్ పెట్టినప్పుడు దానికి ఎరుపు, ఆకుపచ్చ రెండే దీపాలు. మారబోయే ముందు బజర్ మోగేది. 1920లో డెట్రాయిట్‌లో మధ్యలో మూడో దీపం చేరింది. అది ఆగడానికి టైమివ్వడం కోసం వచ్చింది, పందెం మొదలుపెట్టడానికి కాదు. నిజంగానే ఆగలేనంత దగ్గరికి వచ్చేసినవాడు ఉన్న వేగంతోనే దాటేయాలి. మిగతావాళ్ళు ఆగాలి. స్పీడు పెంచాల్సినవాళ్ళంటూ ఇందులో ఎవరూ లేరు.

ఇక ఏడోది. ఇందాక ప్రాణం తీసేదన్నది దీన్నే. మెసేజ్‌లో దీని పక్కన మూడు నిప్పు బొమ్మలు కూడా పెట్టారు. "మీ సిగ్నల్ చూస్తూ కూర్చునేవాళ్ళు కొత్త డ్రైవర్లు. అడ్డరోడ్డు సిగ్నల్ చూడండి. అక్కడ రెడ్ పడగానే కదలండి. అందరికన్నా రెండు సెకన్లు ముందుంటారు."

ఆ రెండు సెకన్లు ఎవరివో చూద్దాం. అడ్డరోడ్డుకు రెడ్ పడ్డాక మీకు గ్రీన్ పడేలోపు అన్ని వైపులా రెడ్ ఉండే చిన్న వ్యవధి ఒకటి ఉంటుంది. సిగ్నల్ నిదానంగా పనిచేయడం వల్ల వచ్చిన ఆలస్యం కాదది. ఇంజినీర్లు కావాలని లెక్కకట్టి పెట్టింది. ఎల్లో చివరి క్షణంలో, చట్టప్రకారమే, కూడలిలోకి వచ్చిన బండి అవతలికి చేరాలి కదా, దాని కోసం. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 14 మీటర్లు. పాతిక మీటర్ల కూడలి దాటడానికి దాదాపు రెండు సెకన్లు. మన అనుభవజ్ఞుడు "మిగుల్చుకోమన్న" రెండు సెకన్లు సరిగ్గా ఇవే. అవి మీ ఖాతాలోవి కావు, మీ ముందునుంచి అడ్డంగా పోతున్నవాడివి.

అదైనా కారు లెక్క. సైకిల్ మీద గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాడికి అదే కూడలి దాటడానికి ఆరు సెకన్లు పడుతుంది. అతను తప్పేమీ చేయలేదు, గ్రీన్ చూసే మొదలుపెట్టాడు. మీరు కదిలే సమయానికి నట్టనడుమ ఉంటాడు. నడిచేవాళ్ళ సంగతి ఇంకా కనాకష్టం. సెకనుకు మీటరు పైచిలుకు నడిచే మనిషికి 14 మీటర్ల రోడ్డు దాటడానికి పన్నెండు పదమూడు సెకన్లు కావాలి. ముసలివాళ్ళకు ఇంకా ఎక్కువ.

అసలు ఆ రహస్యంలోనే పెద్ద బొక్క ఉంది. అడ్డరోడ్డుకు రెడ్ పడితే తర్వాతి వంతు మీదేనని ఎవరు చెప్పారు? ఎదుటి రోడ్డులో మలుపు తిరిగేవాళ్ళకు ముందు బాణం గుర్తు పడొచ్చు. చాలా నగరాల్లో బండ్లకన్నా కొన్ని సెకన్లు ముందుగా నడిచేవాళ్ళకు గ్రీన్ ఇస్తున్నారు. మూడు నుంచి ఏడు సెకన్ల దాకా ఉంటుంది ఆ వ్యవధి. మలుపు తిరిగే డ్రైవర్లకు వాళ్ళు క్రాసింగ్ మధ్యలో స్పష్టంగా కనబడాలనే దాన్ని పెట్టారు. అంటే మీరు మలుపు తిరగడానికి "ముందుగా" కదిలే ఆ క్షణంలోనే ఎవరో మీ ముందుకు అడుగు పెడుతుంటారు, వాళ్ళ సిగ్నల్ వాళ్ళకు పొమ్మని చెప్పింది కాబట్టి. ఇంకో అవకాశం, అంబులెన్స్‌కో ఫైరింజిన్‌కో దారివ్వడానికి సిగ్నల్ మధ్యలోనే మారి ఉండొచ్చు. అడ్డరోడ్డు ఎర్రబడింది మీకోసం కాదు, ఆ వచ్చేదాని కోసం. అది ఏ వైపునుంచి వస్తోందో మీకు తెలియదు. మీరు చూస్తున్నది పక్కవాడి దీపం!

ఢీకొంటే తగిలేది కూడా ఎక్కడ? ముందువైపు అయితే బానెట్, ఇంజిన్, నలిగి దెబ్బను మింగే భాగం మీకు అడ్డం ఉంటాయి. పక్కనుంచి వచ్చే బండికీ మీ పక్కటెముకలకూ మధ్య ఉన్నది ఒక తలుపు మందం. స్కూటర్ మీద ఉంటే ఆ తలుపు కూడా లేదు.

గ్రీన్ పడ్డాక కూడా చూడాల్సింది ఒకటుంది, దీన్ని ఏ మెసేజూ చెప్పదు. మీ పక్క లైన్లో బస్సో లారీయో ఆగి ఉంది. గ్రీన్ పడింది, అది కదలట్లేదు. దాని డ్రైవర్ నిద్రపోతున్నాడని కాదు, మీకు కనబడనిదేదో ఆయనకు కనబడుతోందని అర్థం. చాలాసార్లు అది నడిచి వెళ్తున్న మనిషి.

ఇంత చేసి గెలిచిందేమిటి? ఒకే రోడ్డు మీద సిగ్నళ్ళను ఒకదానితో ఒకటి కలిపి, ఫలానా వేగంతో వస్తే వరసగా గ్రీన్ తగిలేలా చాలాచోట్ల అమర్చుతారు. అక్కడ రెండు సెకన్లు ముందు దూకినవాడికి దక్కే బహుమతి, తర్వాతి సిగ్నల్ రెడ్‌ను రెండు సెకన్లు ఎక్కువసేపు చూడటం. అభినందనలు.

ఎనిమిదో సూత్రం: "గ్రీన్ పడగానే హారన్ కొట్టండి, ముందువాళ్ళు అలర్ట్ అవుతారు." వరస ఒక్కసారిగా కదలదు. మొదటివాడు కదిలాక రెండోవాడు, తర్వాత మూడోవాడు. ఒక్కో బండికి సుమారు ఒక సెకను చొప్పున కదలిక వెనక్కి పాకుతుంది. పదో బండి కదలాలంటే దాదాపు పది సెకన్లు పడుతుంది, ముందున్న తొమ్మిదిమందీ మహా చురుకైనవాళ్ళయినా సరే. ఆ తర్వాత స్టాప్ లైన్ దగ్గర రమారమి రెండు సెకన్లకొక బండి చొప్పున దాటుతుంది. ముప్పై సెకన్ల గ్రీన్‌లో ఒక లైనుకు పద్నాలుగు పదిహేను బండ్లు, అంతే. ఇరవయ్యో స్థానంలో కూర్చుని హారన్ మీద పడుకున్న మహానుభావుడా, నీ వంతు ఈ గ్రీన్‌లో లేదు. మొదటివాడు నిజంగా పరధ్యానంలో ఉంటే, వాడి వెనకున్నవాడు మూడు సెకన్లు ఆగి ఒకసారి చిన్నగా కొడితే చాలు. మిగతా వాద్యగోష్ఠి అనవసరం.

వాడు పరధ్యానంలో ఎందుకున్నాడో తొమ్మిదో సూత్రం చెబుతుంది: "రెడ్‌లో ఫోన్ చూసుకోవచ్చు, బండి ఆగే ఉంది కదా." బండి ఆగింది, బుర్ర ఆగలేదుగా! యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో కార్లలో మాటలతో నడిచే ఫోన్, మ్యూజిక్ సిస్టమ్‌లను పరీక్షించారు. కొన్నిటిలో పని ముగించాక కూడా 27 సెకన్ల దాకా డ్రైవర్ ధ్యాస పూర్తిగా రోడ్డు మీదికి రాలేదని తేలింది. అదీ చేత్తో ముట్టకుండా వాడితే. గ్రీన్ పడ్డాక 27 సెకన్లంటే కూడలి దాటి ఎక్కడో ఉంటారు. ఒకే మెసేజ్ ఒక సూత్రంలో ఫోన్ చూసుకోమంటుంది, ఇంకో సూత్రంలో అలా చూస్తున్నవాణ్ణి హారన్ కొట్టి లేపమంటుంది. ముప్పై ఏళ్ళ అనుభవం!

పదోది చదివినప్పుడు మాత్రం నోరు మూతపడింది. "ఎక్కువసేపు ఆగినప్పుడు బ్రేక్ తొక్కిపట్టి కూర్చోకండి, హ్యాండ్ బ్రేక్ వేయండి. మీ బ్రేక్ లైట్లు వెనకవాళ్ళ కళ్ళలో కొడతాయి." ఇది సరైన మాట. బ్రిటన్ హైవే కోడ్ 114వ నియమం చెప్పేది దాదాపు ఇదే. ఇప్పటి ఎల్‌ఈడీ బ్రేక్ లైట్లు రాత్రివేళ, వానలో, వెనకున్నవాడి కళ్ళకు ఎంత చిరాకో వెనక కూర్చున్నవాళ్ళకే తెలుసు. కాలుకూ విశ్రాంతి. వెనకనుంచి ఎవరైనా గుద్దినా, బ్రేక్ మీంచి కాలు జారి బండి ముందుకు ఉరికే ప్రమాదం తక్కువ. కాకపోతే ఒక షరతుంది, ఆ నియమంలోనే ఉంది: వెనక బండి వచ్చి పూర్తిగా ఆగేదాకా కాలు తీయకూడదు. అప్పటిదాకా మీరు ఆగి ఉన్నారని అతనికి చెప్పేవి ఆ ఎర్ర దీపాలే. మెసేజ్‌లో ఆ షరతు లేదు. పెద్దవాళ్ళు ఈ ఒక్క పాయింటూ ఆ షరతుతో కలిపి పంపితే నాకేమీ అభ్యంతరం లేదు, దండంపెట్టే బొమ్మ ఉన్నా సరే.