అట్ట మీది 'బెస్ట్‌సెల్లర్' ముద్ర గారికి ఓ విన్నపం

మహారాజశ్రీ బెస్ట్‌సెల్లర్ ముద్ర గారి దివ్యసముఖమునకు,

తమరి బంగారు తళుకు చూసి కొన్న బిజినెస్ పుస్తకంతో నిన్న నా ఆదివారం కాస్తా తెల్లారింది. ఉన్న విషయం ముందుమాటలోనే అయిపోయింది. మిగతా మూడు వందల పేజీలూ కంపెనీ పేరు మార్చి అదే పాట. పైగా ప్రతి అధ్యాయం చివరా పెట్టె కట్టి 'గుర్తుంచుకోవలసినవి' అట. మర్చిపోదామన్నా పోనివ్వరు!

పోనీలెండి. వెనక అట్ట మీద ఒకరి పుస్తకాన్ని ఒకరు పొగుడుకునే మహానుభావుల జోలికీ నేను పోను.

నాకు మింగుడుపడనిది ఒక్కటే. ఎన్ని అమ్ముడయ్యాయో చాటుతారు సరే, ఎవరు కొన్నారో చెప్పరేం? టోకు ఆర్డర్లు వచ్చాయని దుకాణాలు చెబితే, న్యూయార్క్ టైమ్స్ జాబితాలో ఆ పుస్తకం పక్కన చిన్న కత్తి గుర్తు (†) వేస్తారు. ఆ కత్తి జాబితాలోనే ఆగిపోతుంది. అట్ట మీదికి మాత్రం తమరొక్కరే వేంచేస్తారు.

నిజంగా జనమే కొన్నారనుకుందాం. 2001లో వచ్చిన 'గుడ్ టు గ్రేట్' అనే బిజినెస్ పుస్తకం లక్షల్లో అమ్ముడైంది. రచయిత జిమ్ కాలిన్స్ అందులో గొప్పవని ఏరి చూపించిన 11 కంపెనీల్లో ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థ సర్క్యూట్ సిటీ 2008లో దివాలా పిటిషన్ వేసింది. అదే ఏడాది, ఆ జాబితాలోదే అయిన ఇళ్ల రుణాల సంస్థ ఫానీ మేని అమెరికా ప్రభుత్వం తన అజమాయిషీలోకి తీసుకుంది. అయినా తమరికి మైల అంటలేదు. అమ్ముడవడం వేరు, నిలబడడం వేరు కదా. ఆ రెండోదానికి ముద్ర వేసే నాథుడే లేడు.

ఆ కాలిన్స్ అయినా వెనకబడ్డ కంపెనీలతో కూడా పోల్చి చూశాడు. నిన్నటి పుస్తకానికి ఆ పాటి ఓపిక కూడా లేదు. అందులో ఒకాయన ఎవరు వద్దన్నా వినకుండా ఇల్లు తాకట్టు పెట్టి దూకాడు, కోటీశ్వరుడయ్యాడు. 'సందేహం వద్దు, దూకండి' అని పెట్టెలో లావు అక్షరాలు. అలాగే దూకి ఇల్లు పోగొట్టుకున్నవాళ్ల ఊసు ఒక్క పేజీలో ఉంటే ఒట్టు! నెగ్గితే దార్శనికత, మునిగితే మొండితనం. ఎవడి ఇల్లండీ అది? చదివినవాడు నమ్మి సంతకం పెడితే తమరొచ్చి వాయిదాలు కడతారా?

ఇకనుంచి పదేళ్లు పాతబడ్డ పుస్తకాలే తీస్తాను. అందులో పొగిడిన కంపెనీలు ఇవాళ ఏ స్థితిలో ఉన్నాయో, ఓడినవాళ్ల లెక్క ఎక్కడైనా రాశారో లేదో చూశాకే జేబులో చెయ్యి పెడతాను.

కోపం పట్టలేక తమరిని గోటితో గీకి పారేద్దామని కూర్చున్నాను. ఎంత గీకినా రారే! తీరా చూస్తే తమరు స్టిక్కర్ కూడా కాదు, అచ్చు.

ఇట్లు,
తమరి మాజీ భక్తుడు