పద్నాలుగో సవరణలో కడుపులోని బిడ్డ ఉందా?

అమెరికాలోని జార్జియాలో రాష్ట్ర పన్ను రిటర్న్ వేసేటప్పుడు ఇంకా పుట్టని బిడ్డని కూడా డిపెండెంట్‌గా చూపించొచ్చు. గుండె చప్పుడు తెలిసే దశకు వస్తే చాలు. అక్కడ 2019లో చేసిన చట్టం కడుపులోని బిడ్డని ‘సహజ వ్యక్తి’ కిందే లెక్కేసింది, 2022 జూలైలో అమల్లోకి వచ్చింది. అదే టేబుల్ మీద, అదే రాత్రి, ఫెడరల్ రిటర్న్ నింపబోతే మాత్రం ఆ బిడ్డకి చోటు లేదు. ఫెడరల్ పన్నులు చూసే ఐఆర్ఎస్‌కి బిడ్డ పుట్టి ఉండాలి.

రాష్ట్రాలు తమ చట్టాల్లో ఏం రాసుకుంటాయన్నది అటుంచుదాం. 2022లో సుప్రీంకోర్టు ఇచ్చిన డాబ్స్ తీర్పుతో అబార్షన్ వ్యవహారం రాష్ట్రాల చేతికి వెళ్లింది. అది చాలదనేవాళ్లు ఇప్పుడు గొంతు పెంచారు. అమెరికా రాజ్యాంగానికి 1868లో చేసిన 14వ సవరణే పుట్టబోయే బిడ్డ ప్రాణానికి రక్షణ ఇచ్చింది, కాబట్టి ఏ రాష్ట్రమూ అబార్షన్‌ని అనుమతించడానికి వీల్లేదు అంటున్నారు. నా మట్టుకు నాకు ఆ సవరణలో అది కనిపించడం లేదు.

అలాగని వాళ్ల వాదనని తీసిపారేయలేం. అమెరికాలో పుట్టినవాళ్లూ, నాచురలైజ్ అయినవాళ్లూ (అంటే తర్వాత పౌరసత్వం తీసుకున్నవాళ్లూ) పౌరులు అంటుంది సవరణ మొదటి వాక్యం. ఆ తర్వాత ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి దగ్గరికి వచ్చేసరికి ‘పౌరుడు’ పోయి ‘ఏ వ్యక్తి అయినా’ అని వస్తుంది. పుట్టాలన్న షరతు పౌరసత్వానికే గానీ రక్షణకి కాదు కదా అని వాళ్ల లాజిక్. ఈ తేడా ఉత్తదేం కాదు. 1886లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనీయుల లాండ్రీల కేసులో, సమాన రక్షణ పరాయి దేశస్థులకీ ఉందని సుప్రీంకోర్టు చెప్పింది దీన్ని పట్టుకునే. హెచ్1బి మీద ఉన్న మనవాళ్లకి ఇవాళ్టికీ అదే అండ.

కానీ రెండో సెక్షన్ కూడా చదవాలి గదా. ప్రతినిధుల సభ సీట్లని రాష్ట్రంలోని ‘వ్యక్తుల మొత్తం సంఖ్య’ని బట్టి పంచాలని అందులో ఉంది. 1790 నుంచి పదేళ్లకోసారి జనాభా లెక్కలు తీస్తున్నారు. ఇంట్లో ఎవరికైనా నెల తప్పిందా అని అడిగి ఒక తల ఎక్కువ రాసుకున్న దాఖలా లేదు. ఒకే సవరణలో ఒకే పదం పక్కపక్క సెక్షన్లలో రెండు అర్థాలతో వాడారంటే గట్టి సాక్ష్యం చూపాలి.

వాళ్లు చూపే సాక్ష్యం జస్టిస్ అలీటో డాబ్స్‌లో రాసిన లెక్క. 1868 నాటికి 37 రాష్ట్రాల్లో 28 అబార్షన్‌ని నేరం చేశాయి. నిజమే, కానీ నేరం అనడం వేరు, హత్య అనడం వేరు. టెక్సాస్ చట్టంలో అబార్షన్‌కి హత్య కన్నా చాలా తక్కువ శిక్షే ఉందనీ, తల్లిని ముద్దాయిని చేయలేదనీ 1973లో అబార్షన్‌ని రాజ్యాంగ హక్కుగా ఒప్పుకున్న రో తీర్పు రాసిన జస్టిస్ బ్లాక్‌మన్ ఎత్తిచూపాడు. ఆ తీర్పుని కొట్టేసిన అలీటో కూడా పిండం రాజ్యాంగం దృష్టిలో వ్యక్తేనని తేల్చలేదు. ఇక కన్జర్వేటివ్‌ల ఆరాధ్యుడు, సుప్రీంకోర్టు జడ్జి స్కాలియా అయితే, అక్కడ వ్యక్తులంటే నడిచి తిరిగే మనుషులేనని టీవీ ఇంటర్వ్యూలోనే అనేశాడు.

కంపెనీలనే వ్యక్తులుగా ఒప్పుకున్న కోర్టుకి పసిబిడ్డ కనిపించలేదా అని అడుగుతారు. మనసుకి తగిలే ప్రశ్నే. కాకపోతే కంపెనీ ఇంకో మనిషి ఒంట్లో పెరగదు.

ఒంటి బయట ఉన్నా చిక్కు తీరదని అలబామాలో చూశాం. 2020లో మొబైల్ నగరంలోని ఒక ఆస్పత్రిలో ఓ పేషెంట్, ఐవీఎఫ్ (శరీరం బయట ఫలదీకరణ) పిండాలు గడ్డకట్టించి దాచిన చోటికి చొరబడి వాటిని చేత్తో బయటికి తీయడం, ఆ చలికి చెయ్యి కాలి నేల మీద జారవిడవడం జరిగాయి. ఆ పిండాలు ఎవరివో ఆ జంటలు దావా వేశారు. మైనర్ మృతికి పరిహారమిచ్చే 1872 నాటి చట్టం గడ్డకట్టించిన పిండాలకీ వర్తిస్తుందని 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందుకు 2018లో రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చిన మాటల్ని కూడా ఆసరా చేసుకుంది. రోజుల్లోనే పలు ఐవీఎఫ్ క్లినిక్‌లు పని ఆపేశాయి. దెబ్బ తగిలింది ఎవరికి? పిల్లలు కావాలని ఇంజెక్షన్లు పొడిపించుకుంటున్న ఆడవాళ్లకి. మార్చి మొదట్లోనే శాసనసభ హడావిడిగా క్లినిక్‌లని కాపాడే చట్టం చేయాల్సి వచ్చింది.

మనకి సూటిగా తగిలే సంగతి ఇంకోటి. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే, 2025 ఫిబ్రవరి 19 తర్వాత ఇక్కడ పుట్టే బిడ్డ పౌరుడు కాదని ఆ ఏడాది జనవరి 20న ట్రంప్ ఉత్తర్వు వచ్చింది. కోర్టులు వెంటనే అడ్డుకున్నాయి. ఈలోగా, నెలలు నిండకుండానే సిజేరియన్ చేస్తారా అని భారతీయ జంటలు డాక్టర్లని అడుగుతున్నట్టు వార్తలొచ్చాయి. పుట్టని బిడ్డ కోసం 14వ సవరణని సాగదీసే శిబిరంలోనే, పుట్టిన బిడ్డ దగ్గర దాన్ని కుదించేవాళ్లూ ఉన్నారు. అందరూ కాదు గానీ, తక్కువమందేం కాదు.

రాజ్యాంగంలో లేనిది కావాలంటే రాయించుకోవాలి. ఐర్లండ్ 1983లో అలాగే రిఫరెండం పెట్టి పుట్టని బిడ్డ ప్రాణహక్కుని నేరుగా రాసుకుంది. 2012లో అక్కడి గాల్వేలో, గర్భస్రావం అవుతున్నా అబార్షన్ చేయడానికి ఒప్పుకోకపోవడంతో కర్ణాటక అమ్మాయి సవితా హలప్పనవర్ చనిపోయింది. 2018లో 66 శాతం ఓట్లతో ఆ మాటల్ని తీసేశారు. రాసిందీ తీసేసిందీ జనమే. అమెరికాలో ఆ దారిలో కాంగ్రెస్ రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మద్దతు, ఆపైన 38 రాష్ట్రాల ఆమోదం కావాలి. రో తర్వాత అలాంటి సవరణలు ఎన్నోసార్లు ప్రతిపాదించారు. ఒక్కటీ గట్టెక్కలేదు. అందుకే జడ్జీల తలుపు తడుతున్నారు.