స్పైరల్ బైండింగులో వెలసిన అత్యవసర ప్రణాళిక గారికి

మహారాజశ్రీ వెర్షన్ 2.0 గారి సముఖానికి,

తమరున్న బీరువాకి పదడుగుల దూరంలో కూర్చుని ఈ భవనం మెయింటెనెన్సు చూసుకునే ఉద్యోగి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమమో కాదో తాళంచెవి ఉన్నవారికే తెలియాలి. ఆ తాళంచెవి అడ్మిన్ మేడమ్ గారి హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. మేడమ్ గారు కూకట్‌పల్లిలో ఉంటారు.

తమరి పుట్టుక నాకు బాగా గుర్తు. 2018లో ముగ్గురు కన్సల్టెంట్లు వచ్చి రెండు రోజులున్నారు. మొదటిరోజు ప్రజెంటేషన్, రెండోరోజు బిర్యానీ. సెల్లార్ చూపిస్తాను రండి అంటే, "ఫ్లోర్ ప్లాన్ మెయిల్ చేసెయ్యండి, చాలు" అన్నారు. నెల తిరిగేసరికి తమరు 164 పేజీలతో, పైన ప్లాస్టిక్ అట్టతో బొద్దుగా పుట్టారు. మురిసిపోయి పేజీ 43 తెరిచాను. "హైదరాబాద్ ఓడరేవులో నౌకల రాకపోకలు స్తంభించినచో" అని ఉంది. చెన్నైకి కుట్టిన చొక్కా మాకు తొడిగారని తెలిసిపోయింది. హుస్సేన్ సాగర్‌లో బుద్ధుడి దగ్గరికి పోయే పడవలు ఆగిపోతే మా సర్వర్లకు ఏం ముప్పో ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

ఇక తమరి రిస్క్ మ్యాట్రిక్స్, అదే, ఏ ముప్పు ఎంత పెద్దదో రంగుల్లో చూపే పట్టిక. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గళ్లతో సంక్రాంతి ముగ్గులా ఉండేది. అందులో వరద పసుపు. మహమ్మారి ఆకుపచ్చ. ఎరుపులో ఉన్నది ఒక్కటే: ఈ ప్రణాళికను ఏటా రెన్యూవల్ చేయించకపోవడం.

2020 అక్టోబర్ 13 రాత్రి సంగతి తమరికి ఎవరూ చెప్పి ఉండరు. ఘట్‌కేసర్ వైపు ఆ ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన పడిందని తర్వాత పేపర్లో చదివాం. ఆ రాత్రి భవనంలో నేను, ఎలక్ట్రీషియన్, వాచ్‌మన్, ముగ్గురమే. కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది. బాగానే ఉంది. కాకపోతే జనరేటర్ ఉన్నది సెల్లార్లో. యూపీఎస్ బ్యాటరీలు దాని పక్కనే. సెల్లార్లో నీళ్లు తోడే మోటారూ అక్కడే. ఆ మోటారుకి కరెంటు ఇచ్చేది ఈ జనరేటరే. అంటే జనరేటర్ మునగకుండా ఉండాలంటే మోటారు తిరగాలి, మోటారు తిరగాలంటే జనరేటర్ మునగకూడదు. 164 పేజీల్లో ఈ ముక్క ఎక్కడా లేదు.

నీళ్లు చీలమండ దాటాయి. జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తమరి సలహా తీసుకుందామనుకుంటే సాఫ్ట్ కాపీ సర్వర్లో ఉంది, సర్వర్ పడుకుంది. చివరికి ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవర్‌తో బీరువా పెకలించి తమరిని బయటికి తీశాడు. ఫోన్ టార్చి కింద పేజీ 7: అత్యవసర నంబర్లు. మొదటిది రెండేళ్ల కిందట ఉద్యోగం మానేసి బెంగళూరు పోయిన మేనేజర్ గారిది. పాపం, ఎత్తారు. "ఇంకా నా నంబరే ఉందా!" అని పొంగిపోయారు. రెండోది కన్సల్టెంటు గారిది. కాలర్ ట్యూన్ మాత్రం చేతులు సబ్బుతో కడుక్కోమని మూడుసార్లు చెప్పింది. సరే, పేజీ 9 తిప్పాం. దశ 1: పరిస్థితిని ప్రశాంతముగా అంచనా వేయుము. వేశాం, మోకాళ్ల లోతు. దశ 2: కమిటీని సమావేశపరచుము.

అప్పుడు నోరు విప్పాడు వాచ్‌మన్. "సార్, గేటు కాడ ఇసుక బస్తాలు ఏస్తే ఏం ఫాయిదా? నీళ్లు గేటు కాడికెళ్లి వస్తలేవు. ఎన్క గోడ కింద కేబుల్ కోసం కొట్టిన బొక్క ఉంది. నాలా పొంగితే ఆడికెళ్లే వస్తయ్. 2016ల గిట్లనే వచ్చినయ్."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నన్నెవరడిగిండ్రు సార్?"

గోనెసంచులు కుక్కాం. ఇంకా సందు మిగిలింది. అతను అటూ ఇటూ చూసి, నా చేతిలోంచి తమరిని తీసుకుని, గుండ్రంగా చుట్టి ఆ బొక్కలో దిగగొట్టాడు. దానికి నాపరాయి అడ్డం పెట్టాడు. ధార సన్నబడింది. తమరిమీద పెట్టిన ఖర్చు దండగని ఎవరైనా అంటే ఆ రాత్రికి నేనే సాక్షిని. తెల్లారాక మేడమీద ఆరేస్తే ఎరుపు కారిపోయి పసుపంతా, ఆకుపచ్చంతా పరుచుకుంది. గళ్లన్నీ ఎరుపే. ఆ మ్యాట్రిక్స్ నాకు మొదటిసారి నమ్మబుద్ధేసింది.

కన్సల్టెంట్లంటే నాకు చులకనేమీ లేదండీ. ఈ ఊరు ఇవాళ ఇలా ఉందంటే ఒక కన్సల్టెంటు పుణ్యం కూడా ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని మింగేశాక, మరుసటేడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన కాన్ఫరెన్స్ రూములో కూర్చోలేదు. నది ఎగువకి వెళ్లి, తెగిన చెరువుల లెక్క తీసి, నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో పట్టుకున్నారు. పైనే ఆపండి అన్నారు. 1920కి ఉస్మాన్ సాగర్, 1927కి హిమాయత్ సాగర్ లేచాయి. ఆ వరదలో నూటయాభై మంది ప్రాణాలు కాపాడిన చింతచెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంటుంది. దానికి వెర్షన్ నంబర్ లేదు.

ఆ తర్వాత తమరు వెర్షన్ 2.0గా మళ్లీ పుట్టారు. ఈసారి 212 పేజీలు. ఓడరేవు తీసేశారు, సంతోషం. జనరేటర్ మాత్రం సెల్లార్లోనే ఉంది. పైకి మార్చాలంటే అది పెట్టుబడి ఖర్చు, అంటే క్యాపెక్స్‌ అట, తమరిని రాయించడం రోజువారీ నిర్వహణ ఖర్చు, అంటే ఒపెక్స్‌ అట. పైగా రెండు కార్ల పార్కింగ్ పోతుంది. ఆ కార్లు ఎవరివో తమరిలో రాయలేదు, నేనూ రాయను.

తమరిలో కరెంటుకో అధ్యాయం, నీళ్లకో అధ్యాయం ఉన్నాయి. ఒకే బైండింగులో ఉంటూ ఒకరి మొహం ఒకరు చూసుకోని తోడికోడళ్లు. ఈ ఊరికి కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వస్తాయి. కోదండాపూర్‌లో శుద్ధి చేసి, దారిపొడుగునా పంపులతో ఎత్తిపోస్తూ, మూడు దశలూ కలిపితే రోజుకు 270 మిలియన్ గ్యాలన్ల సామర్థ్యం. నీళ్లు వాటంతటవి గుట్టలెక్కి రావు కదా, అక్కడ కరెంటు పోతే ఇక్కడ నల్లా ఎండుతుంది. నల్లా ఎండితే మా ఏసీ కూలింగ్ టవర్ ఆగుతుంది, ఏసీ ఆగితే సర్వర్లు ఉడుకుతాయి. తమరిలో "విద్యుత్ అంతరాయం" కింద మాత్రం కొవ్వొత్తులు, టార్చిలైట్లు అని ఉంది.

సైబర్ దాడి జరిగితే 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్‌కి చెప్పాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశాలు వచ్చాయి. తమరి ప్రకారం దానికి ముందు అయిదు సంతకాలు కావాలి. మూడో సంతకం పెట్టేవారు వారానికి రెండు రోజులే ఆఫీసుకొస్తారు.

మాక్ డ్రిల్ గురించి ఎక్కువ చెప్పను. ఎండా వానా లేని రోజు చూసి, పదకొండింటికి, ముందురోజే మెయిల్ పెట్టి జరుపుతాం. అందరూ టీ కప్పులతో లిఫ్టులో దిగి అసెంబ్లీ పాయింట్‌కి చేరతారు. ఆ బోర్డు ట్రాన్స్‌ఫార్మర్ కంచెకి తగిలించి ఉంది.

2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాల గేట్లెత్తి, మూసీ మహాత్మాగాంధీ బస్ స్టేషన్లోకి వచ్చాక మా పైవాళ్లకి మళ్లీ కంగారు పుట్టింది. అందుకని తమరు వెర్షన్ 3.0 కాబోతున్నారు. సోమవారం పది గంటలకు కన్సల్టెంట్లు వస్తున్నారు. ఈసారి సెల్లార్ చూస్తామని వాళ్లంతట వాళ్లే అన్నారు! వెనక గోడ చూపించమని వాచ్‌మన్‌కి చెప్పి ఉంచుతాను.

ఇట్లు,
తమరి బీరువా గొళ్లెం మళ్లీ బిగించిన విధేయుడు.

తా.క.: ఇప్పుడే కిందికి వెళ్లి వాచ్‌మన్‌తో చెప్పొచ్చాను. తల గోక్కున్నాడు. "సోమారం నాకు ఆఫ్ కద సార్" అన్నాడు.