గుర్రపుడెక్క నీళ్లు కాపాడుతుందా?

హైదరాబాద్‌లోని మా కాలనీ వాట్సాప్ గ్రూపులో వారం రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతోంది: "నీటి మొక్కల ఆకులకు రంధ్రాలుండవు. ఉన్నా, నీళ్లు తగలగానే మాయమైపోతాయి. అందుకే గుర్రపుడెక్క చెరువు మీద దుప్పటిలా ఉండి నీళ్లు ఆవిరి కాకుండా కాపాడుతుంది. తీయించకండి." బోటనీ పాఠాలు చెప్పేదాన్ని, చూస్తూ ఊరుకోలేకపోయాను.

ఇక్కడ రంధ్రాలంటే ఆకు గాలిని పీల్చుకుని, నీటి ఆవిరిని వదిలే, కంటికి కనిపించని సన్నటి ద్వారాలు (స్టొమాటా). అవి ఉండవన్న మాట హైడ్రిల్లా లాంటి మునిగి పెరిగే మొక్కలకు సరిపోతుంది. దాని ఆకు రెండు కణాల మందమే. కావలసిన కార్బన్ డయాక్సైడ్‌ను నీళ్లలోంచి నేరుగా తీసుకుంటుంది. కలువ సంగతి వేరు. కలువాకు రెండు వైపులా రంగులేని నెయిల్ పాలిష్ రాసి, ఆరాక సెల్లో టేపుతో ఊడదీసి మైక్రోస్కోపు కింద పెట్టాం. పైవైపు పొర నిండా రంధ్రాల అచ్చులు: రంధ్రాన్ని తెరిచి మూసే రక్షక కణాలు ఎదురెదురుగా రెండేసి, నడుమ సన్నటి చీలిక. నీటికి ఆనుకునే కిందివైపు ఒక్కటీ దొరకలేదు. గుర్రపుడెక్క ఆకుకైతే రెండు వైపులా ఉంటాయి.

ఇక మాయమవడం. రంధ్రం మూసుకోవడం వేరు, అసలు పుట్టకపోవడం వేరు. ఆకు లేతగా ఉన్నప్పుడే స్పీచ్‌లెస్ అనే జన్యువు రంధ్రాల తయారీకి శ్రీకారం చుడుతుంది, తర్వాత మ్యూట్, ఫామా అనే జన్యువులు ఆ పని అందుకుంటాయి. ముదిరిన ఆకు రంధ్రాలు నీళ్లలో ముంచితే చెరిగిపోవు. నేల మీదా నీళ్లలోనూ బతికే రోరిప్పా అక్వాటికా లాంటి మొక్క మునిగాక వేసే కొత్త ఆకుల్లో మాత్రం రంధ్రాలు చాలావరకు ఏర్పడవు. అక్వేరియం షాపులో కొన్న అమెజాన్ స్వోర్డ్ అనే మొక్క ఆకులు ఇంటికి తెచ్చాక కుళ్లిపోతుంటే చాలామంది టెన్షన్ పడి పారేస్తారు. అవి గాలిలో పెరిగిన ఆకులు. కాస్త ఓపిక పడితే నడిమి నుంచి నీటికి తగ్గ పల్చటి ఆకులు వస్తాయి. సముద్రపు గడ్డి జోస్టెరా మెరీనా కథ ఇంకా ముందుకెళ్లింది: రంధ్రాలను తయారుచేసే జన్యువులనే అది పోగొట్టుకుందని 2016లో దాని జీనోమ్ (మొత్తం జన్యు సమాచారం) చదివినప్పుడు తేలింది. అది లక్షల ఏళ్ల మార్పు, నీళ్లు తగలగానే జరిగేది కాదు.

అసలు ప్రమాదం చివరి మాటలో ఉంది. గుర్రపుడెక్క ఆకులు నీటికి పైన, ఎండలో గాలిలో నిలబడి, రెండు వైపుల రంధ్రాల నుంచీ నీటిని ఆవిరిగా వదులుతాయి. ఖాళీ చెరువు కంటే అది కమ్ముకున్న చెరువే ఎక్కువ నీరు కోల్పోతుందని చాలా కొలతల్లో తేలింది. పైగా కింద నీళ్లకు వెలుతురు అందదు, ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి, దోమలు పెరుగుతాయి. నమ్మకం కుదరకపోతే ఏప్రిల్ ఎండలో డాబా మీద రెండు బకెట్లు సమానంగా నింపి, ఒకదాంట్లో గుర్రపుడెక్క వేసి, మార్కర్‌తో గీత పెట్టి వారం చూడండి. మా డాబా మీద ముందు తగ్గింది మొక్క ఉన్న బకెట్టే.