అయ్యా, ఆ డాన్స్ సీన్ కట్ చేయించండి

తండ్రుల మనోభావాలు దెబ్బతీసే సినిమాల మీద ఇంతవరకు ఒక్కరు కూడా ధర్నా చెయ్యకపోవడం చాలా అన్యాయం. కులం పేరెత్తితే గొడవ, హీరో మీద జోకేస్తే గొడవ, ఆఖరికి ఊరి పేరు తప్పు పలికినా గొడవే, మరి పొద్దున్నే బండేసుకుని పోయి రాత్రి తొమ్మిదింటికి కొంపకి చేరి కంచం పక్కన ఫోన్ పెట్టుకుని ఎవరి జోలికీ పోకుండా అన్నం తినే మా వర్గాన్ని పట్టుకుని రెండు గంటల తొమ్మిది నిమిషాలు ఉతికి ఆరేస్తే అడిగే నాథుడు లేడు. అందుకే ఈ మనవి నేనే రాస్తున్నా.

సినిమా పేరు కరేజియస్. 2011 సెప్టెంబర్ 30న అమెరికాలో రిలీజైంది. తీసింది జార్జియా రాష్ట్రంలో ఆల్బనీ అనే ఊళ్లో ఉన్న షేర్‌వుడ్ బాప్టిస్ట్ చర్చి. అవును, చర్చే. డైరెక్టర్ అలెక్స్ కెండ్రిక్ అప్పట్లో ఆ చర్చి పాస్టర్లలో ఒకాయన, తమ్ముడు స్టీఫెన్‌తో కలిసి కథ రాసి మెయిన్ వేషం కూడా తనే వేసేశాడు, సంఘస్తులు చాలామంది జీతం లేకుండా పనిచేశారు, ఖర్చు 20 లక్షల డాలర్లు, వచ్చింది 3 కోట్ల 40 లక్షల డాలర్ల పైమాటే. మా చర్చిలో క్రిస్మస్ నాటికకి తూర్పు దేశపు జ్ఞానుల గడ్డాలు అద్దెకి తేవాలంటే కమిటీ రెండుసార్లు కూర్చోవాలి, కాబట్టి ఈ లెక్క విన్న మా ట్రెజరర్ గారు సినిమా అయ్యేదాకా ఇంకో మాట మాట్లాడలేదు.

ఫాదర్స్ డే సాయంత్రం యూత్ వాళ్లు ప్రొజెక్టర్ పెట్టి వేశారు. ఇంగ్లీషు అందరికీ రాదు కదా అని ఒక తమ్ముడు మైకు పట్టుకుని అప్పటికప్పుడు తెలుగులో చెప్పాడు, పాపం ఆ అబ్బాయికి వేదిక మీద వచ్చిన తెలుగు బైబిల్ తెలుగు ఒక్కటే, అందుకని తెర మీద పోలీసులు మత్తుమందు ముఠా వెనకాల పరిగెడుతుంటే "నిలువుము, లేనియెడల నిన్ను కాల్చెదను" అని వినిపించింది. ఇది సినిమా బలమో బలహీనతో నేను తేల్చుకోలేకపోయా గానీ ఆ ఒక్క సీన్‌కి మాత్రం డబ్బింగ్ ఒరిజినల్ కన్నా బాగుంది.

కథలో నలుగురు షెరిఫ్ ఆఫీసు డెప్యూటీలు, అంటే అక్కడి పోలీసులు, హావియేర్ అని పని దొరక్క తిరుగుతున్న ఒక కూలీ, మొత్తం ఐదుగురు తండ్రులు. మొదటి సీనే పెట్రోల్ బంకులో. నేథన్ అనే డెప్యూటీ ట్రక్కుని ఎవడో ఎత్తుకుపోతుంటే కిటికీలోంచి స్టీరింగ్ పట్టుకుని వేలాడుతూ పోతాడు, బండి వెళ్లి చెట్టుకి గుద్దుకుంటుంది, ఒళ్లంతా దెబ్బలు, అందరూ కదలకు కదలకు అంటున్నా పాక్కుంటూ పోతాడు. బండి మీద ఇంత పిచ్చి ఏంట్రా అనుకుంటాం, మా వెనక వరసలో ఒకాయన ఇన్సూరెన్స్ లేదేమో అని కూడా అన్నాడు. వెనక సీట్లో పసిబిడ్డ ఉంది. చర్చి వాళ్లు తీశారని చిన్నచూపు చూద్దామని వచ్చిన నాలాంటివాళ్ల నోరు అక్కడే మూతపడింది. దీన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను, ప్రేక్షకుడికి నోరు తెరిచే స్వేచ్ఛ ఉండాలి.

సరే, ముందు సినిమాలో నాకు నచ్చినవి చెప్తా, న్యాయంగా ఉండాలి కదా.

అన్నిటికన్నా గొప్ప విషయం సంతకం. ఆడమ్ అనే డెప్యూటీకి తొమ్మిదేళ్ల కూతురు ఎమిలీ, పుట్టినరోజు పార్టీకి వెళ్తుంటే తాగి నడిపినవాడి బండి గుద్ది చనిపోతుంది. ఆ దుఃఖంలో ఆయన బైబిల్ ముందేసుకుని తండ్రన్నవాడు ఎలా ఉండాలి అని ఒక తీర్మానం రాసుకుంటాడు, అది చూసి మిగతా నలుగురు మేమూ పెడతాం అంటారు, సూట్లు వేసుకుని పాస్టర్ గారి ముందు వరసగా నిలబడి సంతకాలు పెడతారు. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. సంతకం పెట్టడంలో తెలుగు తండ్రిని కొట్టేవాడు ఇంకా పుట్టలేదండీ. స్కూల్ ఆటో హారన్ కొడుతుండగా, ఒక చేత్తో టూత్ బ్రష్ పట్టుకుని, ఇంకో చేత్తో ప్రోగ్రెస్ కార్డు మీద, పిల్ల ఏ సెక్షనో కూడా చూడకుండా సంతకం పెట్టినవాణ్ణి నేను. ఫీజు ఫారం, పిక్నిక్ పర్మిషన్ కాగితం, ఎక్కడ చూపిస్తే అక్కడ పెట్టేస్తా. తండ్రితనం అంటే ఇదే అయితే మేం ఎప్పుడో పాసయ్యాం.

ఆ తీర్మానం బైబిల్లో యెహోషువ అన్న మాటతో ముగుస్తుంది, "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము". ఇది మన క్రైస్తవుల ఇళ్లలో గుమ్మానికో, క్యాలెండర్ మీదో, గోడకో ఉండనే ఉంటుంది. మా ఇంట్లో టీవీ పైన ఉంది, పెళ్లికి ఎవరో ఇచ్చిన ఫ్రేము, దాని వెనక ఒక బల్లి కాపురం పెట్టి చాలా ఏళ్లయింది. నా యింటివారు అన్నదాంట్లో దాన్ని కూడా కలుపుకోవాలి, ఎందుకంటే రోజూ సాయంత్రం ఏడింటికి ఇంట్లో తప్పకుండా ఉండేది అదొక్కటే.

రెండో గొప్ప విషయం, ఈ సినిమాలో దేవుడు అకౌంట్స్ డిపార్ట్‌మెంట్ కన్నా ఫాస్ట్. హావియేర్‌కి ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తుంది, సరుకు లెక్క తప్పు రాస్తే ప్రమోషన్ ఇస్తాం అంటాడు మేనేజరు, ఇంట్లో చూస్తే డబ్బుల్లేవు, భార్యాభర్తలు నలిగిపోతారు, చివరికి వెళ్లి నేను రాయనండీ అని చెప్తాడు. వెంటనే ఆ మేనేజరు లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చి, ఇది నిన్ను పరీక్షించడానికే, ప్రమోషన్ నీదే అంటాడు. హాలంతా చప్పట్లు. మా సంఘంలో ఒక బ్రదర్ ఉన్నాడు, గోడౌన్‌లో లెక్కలు చూసేవాడు, ఇలాగే నేను రాయను అన్నాడు, ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. నాకు రెండు వరసల ముందు కూర్చున్నాడు. చప్పట్లు మొదలవగానే లేచి, ఆటో తాళం వేశానో లేదో చూసొస్తా అని బయటికెళ్లి, ఆ సీన్ అయిపోయాక పదినిమిషాలకి వచ్చాడు. సినిమా వాళ్లకి ఈ రెండో రకం హావియేర్ తట్టలేదో, తట్టినా నిడివి పెరుగుతుందని వదిలేశారో. నేనైతే ఇదే నయమంటా, మంచి పని చేస్తే జీతం పెరుగుతుంది అని పిల్లలకి చెప్పుకోవడానికి వీలుగా ఉంటుంది, పెరక్కపోతే ఏం చెప్పాలో మాకూ తెలీదు.

హావియేర్ గురించి ఒకటి ఒప్పుకోవాలి, ఇతను ఉన్నంతసేపు సినిమాకి ఊపిరాడుతుంది. పని కోసం దేవుణ్ణి అడుగుతూ నడుస్తుంటే ఆడమ్ ఇంకో హావియేర్ అనుకుని పిలిచి పెరట్లో షెడ్డు కట్టే పనికి పెట్టుకుంటాడు. తర్వాత పోలీసు కారు వెనక సీట్లో, ఒక రౌడీ కుర్రాణ్ణి భయపెట్టడానికి పెద్ద ముఠా నాయకుడిలా యాక్షన్ చేస్తాడు చూడండి, మా చర్చి పాస్టర్ అయ్యగారు సహా అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. చర్చి సినిమాలకి ప్రసంగం కన్నా వెటకారమే బాగా వచ్చేమో అని నాకు అనుమానం, కానీ వాళ్లు నమ్మరు, నవ్వించిన ప్రతి పావుగంటకీ ఓ ప్రసంగం వడ్డీతో సహా కట్టించుకున్నారు.

మూడోది ఊరి సంగతి. మొదట్లోనే షెరిఫ్ గారు మీటింగ్ పెట్టి, తండ్రి లేని పిల్లలే ఇలా ముఠాల్లోకి పోతున్నారని లెక్కలు చదువుతాడు. ఇక అంతే, ఊళ్లో దొంగతనాలు, మత్తుమందు, తుపాకులు, అన్నిటికీ ముద్దాయి దొరికేశాడు, వాడు తండ్రి. ఈ ఆల్బనీ ఏ ఊరనుకుంటున్నారు? 1961లో నల్లజాతివాళ్లు రంగు వివక్ష మీద వీధుల్లోకొస్తే వందలకొద్దీ జనాన్ని అరెస్టు చేసిన ఊరు, మార్టిన్ లూథర్ కింగ్‌ని జైల్లో పెట్టిన ఊరు. అప్పుడు జైలుకెళ్లినవాళ్లలో ఎంతమంది తండ్రులున్నారో, ఆ రాత్రి ఎన్ని ఇళ్లలో నాన్న లేడో. ఆ ఊళ్లోనే కెమెరా పెట్టి, తెల్లాయన్నీ నల్లాయన్నీ పక్కపక్కన నిలబెట్టి, ఆ మాట మాత్రం ఎత్తకుండా సినిమా అంతా నడిపించడం అంటే చిన్న విద్య కాదు. ఒక ప్రభుత్వోద్యోగిగా నాకిది బాగా నచ్చింది. బడి, పని, జీతం, కోర్టు, వీటిల్లో ఎవడి తప్పూ లేదు, మీ నాన్నని పిలుచుకు రా పో అనొచ్చు.

నేథన్ పదిహేనేళ్ల కూతురికి హోటల్లో ఉంగరం తొడిగి, పెళ్లిదాకా నీ మనసు నాకు అప్పజెప్పు, అబ్బాయిల్ని నేను చూసి చెప్తా అంటాడు. అమెరికా వాళ్లు ఎంత వెనకబడి ఉన్నారో అని జాలేసింది. మన దగ్గర ఉంగరం ఖర్చు కూడా లేదు, ఆధార్ కార్డు, టెన్త్ మెమో, పెళ్లి నిర్ణయం, మూడూ నాన్న బీరువాలోనే కదా. నీకేమనిపిస్తోందమ్మా అని ఆ పిల్లని సరిగ్గా అడగాల్సిన పని సినిమాకి కనపళ్లేదు, మనకీ ఎప్పుడూ కనపళ్లేదు, ఖండాలు దాటిన సోదరభావం అంటే ఇదే. అదే నేథన్ తనని ఎప్పుడూ చూడని తండ్రి సమాధి దగ్గరికెళ్లి క్షమించాను అని చెప్పేచోట మాత్రం మా సంఘపెద్దలు ఇద్దరు గట్టిగా ముక్కు చీదారు. జలుబట.

అమ్మల గురించి అడుగుతారేమో. ఉన్నారు. భర్తలు సంతకాలు పెడుతుంటే పక్కన నిలబడి చూస్తూ ఉన్నారు. మా చర్చిలో కూడా, సినిమా అయ్యాక అయ్యగారు తండ్రుల బాధ్యత మీద ముప్పావుగంట మాట్లాడారు, మేం ఆమేన్ ఆమేన్ అంటున్నాం, ఆ ముప్పావుగంటా పిల్లల్ని బాత్రూముకి తిప్పడం, ఏడిస్తే వరండాలోకి ఎత్తుకుపోవడం, పలావు ప్లేట్లు పెట్టడం మొత్తం సిస్టర్సే చూసుకున్నారు. తండ్రితనం మీద ఏకాగ్రత కుదరాలంటే పిల్లలు దగ్గర ఉండకూడదు మరి.

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వస్తా.

సినిమా మొదట్లో ఓ సీన్ ఉంది. బ్యాంకు ముందు పార్కింగ్ స్థలం, ఎమిలీ బండిలో పాట పెట్టుకుని కిందకి దిగి డాడీ నాతో డాన్స్ చెయ్యి అంటుంది. ఆడమ్ అటూ ఇటూ చూస్తాడు. రోడ్డు మీద కార్లు పోతున్నాయి, ఎవరన్నా చూస్తే? నేను నా మనసులో చేస్తున్నాలే అన్నట్టు నవ్వి అక్కడే ఉండిపోతాడు. పిల్ల ఒక్కతే తిరుగుతూ ఆడుకుంటుంది. అంతే సీను. ఎవడూ తాగలేదు, ఎవడూ కొట్టలేదు, నిమిషమో రెండు నిమిషాలో. తర్వాత పిల్ల పోయాక అదే చోటికి ఒక్కడే వచ్చి, గాల్లో చేతులు పెట్టి, లేని పిల్లతో డాన్స్ చేస్తాడు.

నా ఆవేదన అర్థం చేసుకోండి. చివర్లో చర్చిలో ఆడమ్ దంచిన స్పీచ్ ఉంది, తండ్రులందరూ ఒక్కొక్కరే లేచి నిలబడతారు, అది నన్నేమీ చెయ్యలేదు, మా అయ్యగారు కూడా లేవమంటే అందరితో పాటు లేచా, కూర్చోమంటే కూర్చున్నా, మోకాలు తప్ప ఎక్కడా నొప్పి లేదు. సూట్లు ఏమీ చెయ్యలేదు, తీర్మానం ఏమీ చెయ్యలేదు. కెండ్రిక్ సోదరులు ఆ తీర్మానాన్నే అసలు సరుకనుకుని మగవాళ్లకో పుస్తకం ఆడవాళ్లకో పుస్తకం కూడా వేయించారు. కానీ పార్కింగ్ సీను పెట్టుండాల్సింది కాదు. తాగుబోతు నాన్న, కొట్టే నాన్న అయితే మనం కాదులే అని హాయిగా పక్కింటాయన వైపు చూడొచ్చు, వీడు మంచోడు, ఉద్యోగం చేస్తాడు, కూతురంటే ప్రాణం, జస్ట్ ఎవరన్నా చూస్తారని సిగ్గుపడ్డాడు అంతే. ఇలాంటివి మామీద తియ్యడం భావ్యమా?

ఆ మర్నాడు మా సంఘం ఆ సినిమాలో తీర్మానాన్నే తెలుగులో ప్రింటు చేయించి తలా ఒకటి ఇచ్చింది. సంతకం నిమిషంలో అయిపోయింది. దాన్ని ఫ్రేము కట్టించడానికి మా చిన్నదాన్ని బండి మీద ఎక్కించుకుని షాపుకెళ్లా. గ్లాసా, అక్రిలిక్కా, బంగారు అంచా, చెక్కంచా అని అతను అడుగుతుంటే నేను తండ్రిగా నా జీవితంలో ఇంత శ్రద్ధగా ఎప్పుడూ ఆలోచించలేదు, 450 రూపాయలకి బేరం కుదిరింది, 200 అడ్వాన్సు ఇచ్చా. అరగంట పడుద్ది సార్ అన్నాడు. ఫోన్ తీశా.

మా పిల్ల షాపు బయట పేవ్‌మెంటు టైల్స్ మీద పెంకుముక్క విసిరి తొక్కుడుబిళ్ల ఆడుతోంది. డాడీ రా, ఒక్కాట, అంది. నేను అటూ ఇటూ చూశా. పక్కన బ్యాంకు లేదు, జ్యూస్ బండి ఉంది, దాని దగ్గర మా ఆఫీసు సెక్షన్‌లో పనిచేసే అతను పుచ్చకాయ జ్యూస్ తాగుతున్నాడు. నేను చూడనట్టు నటిద్దామనుకునేలోపే అతను చెయ్యూపాడు కూడా. రా డాడీ, నీదే టర్న్.

ఒంటికాలి మీద మూడు గడులు గెంతా. గీత తొక్కావ్ అవుట్ అంది. నేను తొక్కలేదని ఇప్పటికీ అంటున్నా, కావాలంటే ఆ జ్యూస్ బండి అతన్ని అడగండి.