గోడ మీద లేని అట్ట

మన సంఘం డిసెంబరులో విశాఖపట్నంలో జరిపిన సేవాదినాల ముగింపు సభలో, తెలుగు భాషకు సేవ చేసినవారి ప్రదర్శన ఏర్పాటు చేసే పని నాకు అప్పగించారు. ఉదయం నా చేతులతో గోడకు తగిలించిన అట్టల్లో ఒకటి జ్యోతి ప్రజ్వలన వేళకు కనిపించలేదు. అడిగితే, "మనది సాంస్కృతిక సంఘం కదండీ, మతం సంగతులు వద్దనుకున్నాం" అని కార్యవర్గ సభ్యులొకరు మర్యాదగానే చెప్పారు. కాసేపటికి గణపతి ప్రార్థన మొదలైంది. దానికి నేనూ చేతులు జోడించాను, అది ఉండాలనే నా కోరిక కూడా. కానీ మనసు మాత్రం ఆ ఖాళీ మేకు దగ్గరే ఉండిపోయింది.

ఆ అట్ట మీద రాసినది ఈ ఊరి చరిత్ర. 1805లో క్రైస్తవ మత ప్రచార సంస్థ లండన్ మిషనరీ సొసైటీ తరఫున విశాఖపట్నం చేరిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ ఇక్కడే తెలుగు నేర్చుకుని, క్రైస్తవం స్వీకరించిన బ్రాహ్మణుడు ఆనందరాయరు తోడ్పాటుతో బైబిలులో క్రీస్తు కథ చెప్పే సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. మనం ఏటా దండ వేసే బ్రౌన్ దొర నిఘంటువు 1852 నాటిది. వీరి చేతికి అలాంటి ఆసరా ఏదీ లేదు. 1809లో క్రాన్, మరుసటి ఏడు డెగ్రాంజెస్ కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని సేరంపూరులో అచ్చయ్యేనాటికి చూసుకుని మురవడానికి ఆ ఇద్దరిలో ఒక్కరూ లేరు. ఆ తర్వాత ఎడ్వర్డ్ ప్రిచెట్ తెలుగు చేసిన బైబిలు కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది.

మా నాయనమ్మకు ఈ పేర్లేవీ తెలియవు. శనివారం వెంకటేశ్వరస్వామి కొండ ఎక్కేది, ఎవరికైనా జ్వరం తగ్గకపోతే దర్గాకొండకు మొక్కుకునేది, డిసెంబరు 8న మేరీమాత పండుగకు నా చెయ్యి పట్టుకుని, చెప్పులు కింద వదిలి, మేరీమాత గుడి ఉన్న రాస్ హిల్ కొండ మెట్లెక్కి కొవ్వొత్తి వెలిగించేది. హార్బరులోకి వచ్చే ఓడలను పైనుంచి చూపిస్తూ, "ముగ్గురూ కాస్తున్నార్రా" అనేది. మడి కట్టుకుని వంట చేసిన మనిషి ఆవిడ. ఆ మూడు కొండల మధ్య ఆవిడకు ఏ తగవూ కనిపించలేదు.

ఆ మిషనరీ దొరలు మతం మార్చడానికే వచ్చారన్న అభ్యంతరం నిజమే, ఆ సంగతి వాళ్లూ దాచలేదు. ఆ మార్పుతో అన్నదమ్ములు విడిపోయిన ఇళ్ల బాధను నేను తేలిక చేయను. అయినా ఆనందరాయరు తెలుగు మన తెలుగే. మన సభల్లో వంట దగ్గర నిలబడి, పిల్లలకు పద్యాలు నేర్పే క్రైస్తవ కుటుంబాలు ఆ ఖాళీ మేకును చూసి ఏమనుకుని ఉంటాయి? కార్యవర్గాన్ని వేడుకుంటున్నాను: ఉగాది సభలో ఆ అట్టకు చోటివ్వండి. దాన్ని నా సామానులో చుట్టి తెచ్చుకున్నాను. ఆనందరాయరు పేరు ఈసారి అందరికన్నా పైన రాయిస్తాను.